ర్యాంకులకు అందని ఆస్తి: విశ్వవిద్యాలయాల మేధో మూలధనం

సంక్షిప్తంగా: అధ్యాపకుల అనుభవం, వాళ్ల వెనకున్న ల్యాబులు, గ్రంథాలయాలు, పద్ధతులు, బయటివాళ్లతో పెంచుకున్న సంబంధాలు కలిస్తే ఒక విశ్వవిద్యాలయం బలం. దీన్నే మేధో మూలధనం అంటున్నారు. ఆస్ట్రియా దీనిపై ఏటా నివేదిక ఇవ్వాలని చట్టం చేసింది. మన దేశంలో విద్యాసంస్థలకు ఏటా ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్, నాణ్యత తనిఖీ చేసి గుర్తింపునిచ్చే న్యాక్ లాంటి వ్యవస్థలు ఆ బలం నుంచి వచ్చిన ఫలితాలనే ఎక్కువగా లెక్కిస్తాయి. అందువల్ల ర్యాంకు నిలకడగా ఉన్నా లోపల నిల్వ తరిగిపోతుండవచ్చు. ఆ సంగతి కొన్నేళ్ల తర్వాత గానీ బయటపడదు.

## గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితా వెలువడిన ప్రతిసారీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే చర్చ నడుస్తుంది. ఏ యూనివర్సిటీ పైకి వెళ్లింది, ఏది కిందికి జారింది అని. అవే పత్రికల్లో అధ్యాపక పోస్టుల ఖాళీల గురించి, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల ఆందోళనల గురించి కూడా వార్తలు వస్తుంటాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో పెద్ద భాగం ఏళ్ల తరబడి భర్తీ కావడం లేదు. అయినా కొన్నిటి ర్యాంకులు పడిపోవు, ఒక్కోసారి మెరుగవుతాయి కూడా. పాఠకుడికి ఇది అర్థం కాకపోవడం సహజం.

ఈ చిక్కుముడి విప్పాలంటే నిల్వకూ ప్రవాహానికీ ఉన్న తేడా చూడాలి. ఈ ఏడాది వచ్చిన పరిశోధన వ్యాసాలు, పట్టాలు, పేటెంట్లు ప్రవాహం. వాటిని పుట్టించే సామర్థ్యం నిల్వ. చెరువులోకి కొత్త నీరు రాకపోయినా తూము కింద పొలం కొంతకాలం పారుతూనే ఉంటుంది కదా, యూనివర్సిటీల విషయంలోనూ అదే జరుగుతుంది.

ఆ నిల్వను నిపుణులు మూడు భాగాలుగా చూస్తారు. మొదటిది మానవ మూలధనం: అధ్యాపకులు, పరిశోధకులు, సాంకేతిక సిబ్బంది తలల్లో, చేతుల్లో ఉన్న నైపుణ్యం. ఇది సాయంత్రం ఇంటికి వెళ్లిపోతుంది, పదవీ విరమణతో శాశ్వతంగా వెళ్లిపోతుంది. రెండోది వ్యవస్థాగత మూలధనం: మనుషులు మారినా సంస్థలో మిగిలేది. గ్రంథాలయం, డేటా, సిలబస్ రూపొందించే పద్ధతి, ల్యాబు రికార్డులు, పరీక్షల విభాగం పనితీరు అన్నీ ఇందులోకి వస్తాయి. మూడోది సంబంధాల మూలధనం: పరిశ్రమలు, ప్రభుత్వ శాఖలు, పూర్వ విద్యార్థులు, రైతులు, ఇతర విశ్వవిద్యాలయాలతో ఉన్న నమ్మకం. పేటెంట్లు, కాపీరైట్ల లాంటి మేధో సంపత్తి హక్కులు ఈ మొత్తంలో చిన్న ముక్క మాత్రమే. చర్చ మాత్రం తరచుగా ఆ ముక్క దగ్గరే ఆగిపోతుంది.

## బ్యాలెన్స్ షీటులో చోటు ఎందుకు లేదు

ఈ ఆలోచనకు పేరు తెచ్చింది విద్యారంగం కాదు, స్వీడన్‌కు చెందిన స్కాండియా అనే బీమా కంపెనీ. 1990ల మొదట్లో ఆ కంపెనీ లీఫ్ ఎడ్విన్‌సన్‌ను మేధో మూలధనానికి బాధ్యుడిగా నియమించింది. తర్వాత కొన్నేళ్లకే వార్షిక నివేదికకు అనుబంధంగా ఈ విషయంపై విడిగా నివేదికలు ఇవ్వడం మొదలుపెట్టింది. మామూలు బ్యాలెన్స్ షీటు కంపెనీ అసలు విలువను చూపించలేకపోతోందన్నది అప్పటి వాదన.

అకౌంటింగ్ నియమాలు ఇప్పటికీ ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. కంపెనీలు పాటించే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 38, దానికి అనుగుణంగా మన దేశంలో ఉన్న ఇండ్ ఏఎస్ 38 ప్రకారం, పరిశోధన దశలో పెట్టిన ఖర్చును ఆస్తిగా చూపించకూడదు, ఆ ఏడాది ఖర్చుగానే రాయాలి. నైపుణ్యం గల ఉద్యోగులు కూడా సాధారణంగా ఆస్తి కిందికి రారు. కారణం సూటిగానే ఉంది. ఆస్తి అనాలంటే దానిపై సంస్థకు నియంత్రణ ఉండాలి, మనిషి ఎప్పుడైనా రాజీనామా చేసి వెళ్లిపోవచ్చు.

యూనివర్సిటీకి ఇది ఇంకా ఇబ్బంది. దాని ఖర్చులో పెద్ద వాటా జీతాలే. పద్దుల్లో అది ఏటా భారంగానే కనిపిస్తుంది. ఒక ప్రొఫెసర్ పోస్టు ఖాళీగా ఉంచితే అది కాగితం మీద పొదుపు. పోయిన సామర్థ్యాన్ని నష్టంగా చూపించే గడి ఆ పద్దుల్లో ఎక్కడా లేదు. ఆర్థిక శాఖల దగ్గర నియామకాల ఫైళ్లు నెమ్మదిగా కదలడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

## ఆస్ట్రియా ఏం చేసింది

ఈ గడిని చట్టంలో చేర్చిన దేశం ఆస్ట్రియా. అక్కడి పరిశోధన సంస్థ ఒకటి, సైబర్స్‌డార్ఫ్‌లో కేంద్రం ఉన్నది, 1999లోనే సొంతంగా ఇలాంటి నివేదిక తెచ్చింది. ఆ అనుభవం విశ్వవిద్యాలయాల చట్టానికి పనికొచ్చింది. 2002లో చేసిన ఆ చట్టం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు విస్తృత స్వయంప్రతిపత్తి ఇచ్చింది. బదులుగా ప్రతి విశ్వవిద్యాలయం ఏటా మేధో మూలధన నివేదిక సమర్పించాలంది. తన లక్ష్యాలేమిటి, మానవ, వ్యవస్థాగత, సంబంధాల మూలధనం ఎలా ఉంది, ఏ పనులు జరిగాయి, వాటి ఫలితమేమిటి అన్నవి అందులో ఉండాలి.

నివేదిక ఒంటరిగా ఉండి ఉంటే అల్మారాలో పడి ఉండేదేమో. దానికి తోడు ప్రభుత్వం ప్రతి విశ్వవిద్యాలయంతో మూడేళ్లకోసారి ఒప్పందం చేసుకుంటుంది. మొదటి ఒప్పందాల కాలం 2007 నుంచి 2009. బడ్జెట్‌లో ఎక్కువ భాగం ఈ చర్చల్లోనే తేలేది. 2012 వరకు 20 శాతాన్ని మాత్రం 11 సూచికల ఆధారంగా, ఫార్ములా ప్రకారం పంచేవారు.

అంతా సాఫీగా సాగలేదు. సూచికలు మరీ ఎక్కువయ్యాయని, సేకరణకే సిబ్బంది సమయం సరిపోతోందని విశ్వవిద్యాలయాల నుంచి విమర్శలొచ్చాయి. ఒక సంగీత విశ్వవిద్యాలయాన్నీ ఒక వైద్య విశ్వవిద్యాలయాన్నీ ఒకే పట్టికలో కొలవడం ఎంతవరకు సబబన్న ప్రశ్నా వచ్చింది. 2010లో నిబంధనలు సవరించి సూచికల సంఖ్య తగ్గించారు. ఒప్పందం అమలుపై విడిగా ఇస్తున్న నివేదికను కూడా ఇందులోనే కలిపారు. 20 శాతం ఫార్ములా కూడా 2013 నుంచి వేరే పద్ధతికి దారిచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది పట్టికల వివరం కంటే వాటి వాడకం. ఆస్ట్రియా నివేదిక ప్రధానంగా ఒక విశ్వవిద్యాలయాన్ని దాని పాత స్థితితోనూ, అది స్వయంగా పెట్టుకున్న లక్ష్యంతోనూ పోల్చడానికి ఉద్దేశించింది. ర్యాంకు పక్క విశ్వవిద్యాలయంతో పోలుస్తుంది. మొదటి పద్ధతిలో బలహీనత ఒప్పుకుంటే నిధుల చర్చకు అదొక ఆధారం అవుతుంది. రెండో పద్ధతిలో ఒప్పుకున్నవాడికి మార్కులు పోతాయి. దాంతో ఒకే అంకె రెండు చోట్లా రెండు రకాల ప్రవర్తనను పుట్టిస్తుంది.

## పరిశోధన వ్యాసం ఎవరి ఆస్తి?

బ్రిటన్ అనుభవం మరో కోణం చూపిస్తుంది. అక్కడ 1986 నుంచి విశ్వవిద్యాలయాల పరిశోధనను కొన్నేళ్లకోసారి మదింపు చేసి, దాని ఆధారంగా నిధులు ఇస్తున్నారు. 2014 నుంచి దీన్ని ఆర్‌ఈఎఫ్ (రీసెర్చ్ ఎక్సలెన్స్ ఫ్రేమ్‌వర్క్) అంటున్నారు. చాలాకాలం ఒక నియమం ఉండేది: మదింపు తేదీ నాటికి పరిశోధకుడు ఎక్కడ పనిచేస్తుంటే అతని వ్యాసాలు ఆ విశ్వవిద్యాలయం ఖాతాలోకి వెళ్తాయి. ఫలితం ఊహించదగ్గదే. గడువు దగ్గరపడేకొద్దీ పేరున్న పరిశోధకులను ఎక్కువ జీతాలిచ్చి లాక్కోవడం మొదలైంది. దేశం మొత్తం మీద జ్ఞానం పెరగలేదు, చిరునామాలు మారాయంతే.

2016లో నికొలస్ స్టెర్న్ నేతృత్వంలోని సమీక్ష ఈ పద్ధతిని తప్పుబట్టింది. వ్యాసాలు మనిషితో పాటు వెళ్లకూడదనీ, ఎంపిక చేసిన కొందరినే కాకుండా పరిశోధన చేసే సిబ్బంది అందరినీ లెక్కలోకి తీసుకోవాలనీ సూచించింది. 2021 మదింపులో రాజీ మార్గంగా పాత సంస్థ, కొత్త సంస్థ రెండూ ఆ వ్యాసాన్ని చూపించుకునే వీలు కల్పించారు. సమాజంపై పరిశోధన ప్రభావానికి ఇచ్చే వాటాను కూడా 20 నుంచి 25 శాతానికి పెంచారు.

ఈ పేచీ పైకి సాంకేతికంగా కనిపించినా అసలు ప్రశ్న లోతైనది. వ్యాసం రాసింది మనిషే, కానీ ల్యాబు, సహచరులు, విద్యార్థులు, తీరిక ఇచ్చింది సంస్థ. మానవ మూలధనం ఎక్కడ ముగిసి వ్యవస్థాగత మూలధనం ఎక్కడ మొదలవుతుందో ఏ పట్టికా కచ్చితంగా గీత గీయలేదు. గీసిన గీతను బట్టి మాత్రం మనుషులు కదులుతారు.

ఒక కొలమానం లక్ష్యంగా మారితే అది మంచి కొలమానంగా మిగలదన్న సూత్రానికి ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు స్థిరపడింది. అందరూ వాడే ఆ సూత్రీకరణ మానవశాస్త్రవేత్త మెరిలిన్ స్ట్రాథర్న్‌ది. 1997లో ఆమె ఆ మాట రాసింది బ్రిటిష్ విశ్వవిద్యాలయాల ఆడిట్ గురించే.

## మన దగ్గర మార్కుల లెక్క

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ను 2015లో ప్రకటించారు, మొదటి జాబితా 2016లో వచ్చింది. విశ్వవిద్యాలయాలకు బోధన వనరులకు 30, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితాలకు 20, అందరికీ అవకాశాలకు 10, పేరు ప్రతిష్ఠలకు 10 శాతం వెయిటేజీ ఉంటుంది. మేధో మూలధనం కోణంలో చూస్తే ఇందులో మూడు చోట్ల పట్టు జారుతుంది.

మొదటిది, అధ్యాపకుల లెక్క. విద్యాసంవత్సరంలో రెండు సెమిస్టర్లూ పూర్తికాలం బోధించిన కాంట్రాక్టు అధ్యాపకులను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఏళ్ల తరబడి కష్టపడి బోధిస్తున్నవాళ్లను లెక్కలోంచి తీసేస్తే అది వాళ్లకు అన్యాయం అవుతుంది, కాబట్టి నియమం సమంజసమే. కానీ వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని వ్యక్తి దీర్ఘకాలిక పరిశోధన మొదలుపెట్టడం కష్టం, పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోవడానికీ అడ్డంకులుంటాయి. విద్యార్థి, అధ్యాపక నిష్పత్తి అంకెలో ఈ తేడా కనిపించదు.

రెండోది, కాలం. పరిశోధన వ్యాసాలను గత మూడేళ్లవి కలిపి లెక్కిస్తారు. ఒక సీనియర్ ప్రొఫెసర్ ఈ ఏడాది రిటైరైనా ఆయన రాసినవి ఆ తర్వాతా కొంతకాలం సంస్థ పేరు మీదే పలుకుతాయి. ఖాళీలు, ర్యాంకు మధ్య మొదట కనిపించిన వైరుధ్యానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మూడోది, పేటెంట్లు. పరిశోధన విభాగంలో మంజూరైన పేటెంట్లతో పాటు ప్రచురితమైన దరఖాస్తులకూ మార్కులున్నాయి. మంజూరైన వాటికి విలువ ఎక్కువే అయినా ప్రచురణ అన్న మాటే సామాన్యులను తికమక పెడుతుంది. భారతీయ పేటెంట్ చట్టం ప్రకారం దరఖాస్తు 18 నెలలకు దానంతటదే ప్రచురితమవుతుంది. ఫారం 9తో అడిగితే ఇంకా ముందే అవుతుంది. ఆవిష్కరణలో కొత్తదనం ఉందా లేదా అన్న పరీక్ష ఆ దశలో జరగదు, దానికి విడిగా అభ్యర్థన పెట్టాలి. పైగా 2021 సవరణతో విద్యాసంస్థలకు ఫీజులు 80 శాతం తగ్గాయి. మంచి ఉద్దేశంతో ఇచ్చిన రాయితీయే అయినా, దరఖాస్తు వేసి, ప్రచురణ కాగానే వదిలేసే అలవాటుకు ఇది చవకైన దారి కూడా తెరిచింది. ‘మా అధ్యాపకులకు ఇన్ని పేటెంట్లు’ అని ప్రకటనల్లో కనిపించినప్పుడు, ప్రచురితమా, మంజూరైనవా, ఎవరైనా లైసెన్సు తీసుకున్నారా అని వరసగా అడిగితే అంకె చాలాసార్లు కుదించుకుపోతుంది.

పరిశోధన వ్యాసాల కథ ఇంతకంటే పాతది. 2010 నిబంధనలతో విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ అధ్యాపకుల పదోన్నతులకు ఏపీఐ స్కోర్లు, అంటే వాళ్ల పనిని పాయింట్లలో కొలిచే లెక్క తెచ్చింది. వ్యాసానికి ఇన్ని పాయింట్లు అనగానే డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నళ్ల వ్యాపారం పెరిగింది. 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నళ్లను తొలగించింది. తర్వాత వచ్చిన నాణ్యమైన జర్నళ్ల ‘కేర్’ జాబితాను 2025లో ఆపేసింది. పీహెచ్‌డీకి వ్యాసం అచ్చవ్వాలన్న తప్పనిసరి షరతును 2022 నిబంధనల్లోనే తీసేశారు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2025 నుంచి ఉపసంహరణకు గురైన వ్యాసాలకు మార్కులు కోసే పద్ధతి తెచ్చింది. పదిహేనేళ్లుగా ఒక కొలమానం పెట్టడం, అది తెచ్చిన వక్రతను సరిచేయడానికి ఇంకొకటి పెట్టడం జరుగుతోంది.

న్యాక్ తనిఖీలకూ ఇదే ఒత్తిడి తగిలింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లా ప్రాంతపు ఓ విద్యాసంస్థకు సంబంధించి, లంచం ఆరోపణలపై తనిఖీ బృందంలోని వారిని సీబీఐ అరెస్టు చేసింది.

## స్వర్ణ, సాంబ మసూరి ఏ లెక్కలోకి వస్తాయి?

తెలుగు నేలపై ఒక విశ్వవిద్యాలయం పుట్టించిన జ్ఞానం ఎంత దూరం వెళ్లగలదో చూపించడానికి వరి వంగడాలకు మించిన ఉదాహరణ దొరకదు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో ఎంటీయూ 7029, అంటే స్వర్ణ వచ్చింది. బాపట్ల నుంచి 1986లో బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వచ్చింది. రెండూ అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని కేంద్రాలే. స్వర్ణ తెలుగు రాష్ట్రాలు దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పొలాల్లోకి, బంగ్లాదేశ్‌లోకి పాకింది. సన్నబియ్యం అనగానే దక్షిణాదిలో గుర్తొచ్చే పేర్లలో సాంబ మసూరి ఒకటి.

కథ అక్కడితో ఆగలేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణలోకి ముంపును తట్టుకునే సబ్1 జన్యువును చేర్చింది, అలా వచ్చిన స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. ఆ జన్యువు మూలం మళ్లీ ఒడిశాకు చెందిన ఒక పాత వరి రకమే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి బ్యాక్టీరియా ఎండుతెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని 2008లో తెచ్చాయి. ఒకచోట పుట్టిన జ్ఞానం మరో చోట మరో జ్ఞానానికి ముడిసరుకైంది. మేధో మూలధనం పెరిగే తీరు ఇదే.

ఇప్పుడు దీన్ని నేటి పట్టికల్లో పెట్టి చూడాలి. భారత పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు, వంగడాలకు పేటెంట్ ఇవ్వరు. వాటికి 2001 నాటి మొక్కల వంగడాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కింద వేరే నమోదు ఉంది. కాబట్టి పేటెంట్ల గడిలో వంగడానికి చోటు లేదు. ఒక రకం తయారవడానికి సంకరం నుంచి విడుదల దాకా పదేళ్ల వరకు పట్టడం మామూలే, వ్యాసాల లెక్క మూడేళ్లది. రైతు ఆ విత్తనాన్ని దాచుకుని మళ్లీ వేస్తే, పక్క ఊరికి ఇస్తే, ఆ వ్యాప్తికి సైటేషన్ల (ఇతర వ్యాసాల్లో వచ్చే ప్రస్తావనల) సంఖ్య అంటూ ఏమీ ఉండదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో 2023 నుంచి వ్యవసాయానికి విడిగా జాబితా ఉంది. అయినా కొలిచే చట్రం చాలావరకు అదే.

నిల్వ కోణం ఇంకా ఆసక్తికరం. మారుటేరులో విలువైనది విడుదలైన వంగడం ఒక్కటే అనుకోవడానికి లేదు. దశాబ్దాలుగా కూడబెట్టిన వరి రకాల విత్తన సంపద, ఏ మడిలో ఏం వేశారో చెప్పే రికార్డులు, డెల్టా నేలల స్వభావం తెలిసిన క్షేత్ర సిబ్బంది, వేల మొక్కల్లోంచి పనికొచ్చేదాన్ని పట్టుకునే బ్రీడర్ కన్ను కూడా అంత విలువైనవే. విత్తనాలను కొన్నేళ్లకోసారి మళ్లీ మొలకెత్తించి కొత్తవి తీసి భద్రపరచకపోతే మొలకశక్తి పోతుంది. ఆ పనికి వ్యాసం రాదు, మార్కూ రాదు. మనిషి లేక రెండు మూడు విడతలు ఆగిపోతే జరిగే నష్టం మాత్రం పూడ్చలేనిది.

సాహిత్య, చరిత్ర విభాగాలకూ ఈ లెక్క వర్తిస్తుంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో ఉన్నట్టి తాళపత్రాలు వ్యవస్థాగత మూలధనం. పాత లిపి చదివి, పాఠాన్ని పరిష్కరించగల పండితుడు మానవ మూలధనం. ఆ రెండోది లేకపోతే మొదటిది భద్రంగా ఉన్నా మూగబోతుంది. పరిశోధన వ్యాసాలను లెక్కగట్టే స్కోపస్ లాంటి అంతర్జాతీయ డేటాబేస్‌లలో తెలుగులో రాసిన పరిశోధన దాదాపు కనిపించదు కాబట్టి ఆ పండితుడి పని లెక్కల్లోనూ లేనట్టే.

## నిర్వహణ అంటే ఏం చేయాలి

కొలవడం కంటే నిర్వహించడం కష్టం. ఆచరణలో దాని సారాంశం ఒక్కటే: మనిషి దగ్గరున్నది ఆ మనిషి వెళ్లేలోపు ఎంతవరకు సంస్థకు దక్కుతుంది? అధ్యాపకుడు రిటైరయ్యాక ఆ పోస్టు ప్రకటన వెలువడి, కోర్టు కేసులు తేలి, నియామకం జరిగేసరికి ఏళ్లు గడిచిపోతున్నాయి. కొత్తగా వచ్చేవారికి పాతవారితో కలిసి ఒక్క సెమిస్టరైనా పనిచేసే అవకాశం ఉండదు. కంపెనీల్లో నోటీసు పీరియడ్‌లో జరిగే పని అప్పగింత మన విశ్వవిద్యాలయాల్లో స్టాక్ రిజిస్టరు, గది తాళాల దగ్గరే ఆగిపోతుంది.

బాగా జరిగిన ఉదాహరణలూ ఉన్నాయి. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలను డిజిటల్ రూపంలో ఇవ్వాలని 2009లో యూజీసీ నిబంధన పెట్టింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ వెబ్‌సైటులో ఇప్పుడు వాటిని ఎవరైనా ఉచితంగా చదవచ్చు. అంతకుముందు అవి విభాగం బీరువాల్లో చెదలకు ఆహారమయ్యేవి. ఒక చిన్న నియమం, ఒక ఉమ్మడి సర్వర్ కలిసి వ్యక్తుల పనిని దేశం ఆస్తిగా మార్చాయి. దీనివల్ల కాపీలు పట్టుకోవడం తేలికైంది, అదొక అదనపు లాభం.

సంబంధాల మూలధనం విషయంలో మనకు పేర్లు కొదవలేదు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు, అడోబీ అధిపతిగా పేరొందిన శంతను నారాయణ్ ఉస్మానియాలో ఇంజినీరింగ్ చేశారు. అయితే పేర్లు గోడ మీద రాసుకోవడం వేరు, సంబంధం వేరు. పూర్వ విద్యార్థులు ఎంత డబ్బిచ్చారని న్యాక్ అడుగుతుంది. వాళ్లలో ఎంతమంది పరిశోధన ప్రాజెక్టుల్లో, సిలబస్ కమిటీల్లో, ఇంటర్న్‌షిప్‌లలో పాలుపంచుకుంటున్నారన్నది ఇంకా పనికొచ్చే ప్రశ్న. విదేశాల్లో ఉన్న తెలుగువారి సంఖ్యను బట్టి చూస్తే ఈ విభాగంలో వాడుకోని నిల్వ చాలా ఉంది.

హక్కుల చట్టాలను మార్చితే చాలని ఒక వాదన ఉంది. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ నిధులతో చేసిన ఆవిష్కరణలపై విశ్వవిద్యాలయాలకే హక్కు ఇచ్చింది. మన దేశంలోనూ అలాంటి బిల్లును 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. హక్కు ఎవరిదో తేల్చడం అవసరమే. కానీ ఆవిష్కరణ చేసే మనిషి పోస్టే ఖాళీగా ఉన్నచోట ఆ చట్టం చేయగలిగింది తక్కువ.

## ముందు ఏం మారవచ్చు

అధ్యాపక నియామకాలపై 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా పాయింట్ల లెక్క నుంచి పక్కకు జరిగే ప్రయత్నం చేసింది. తొమ్మిది రంగాలు పేర్కొని, వాటిలో కనీసం నాలుగింటిలో చెప్పుకోదగ్గ కృషి చూపాలంది. ల్యాబు అభివృద్ధి, భారతీయ భాషల్లో బోధన, సమాజంతో కలిసి చేసే పని, స్టార్టప్‌లు వాటిలో ఉన్నాయి. వ్యవస్థాగత, సంబంధాల మూలధనానికి మార్కులు వేసే దిశగా ఇదొక అడుగు. ‘చెప్పుకోదగ్గది’ ఏదో తేల్చేది ఎంపిక కమిటీ కాబట్టి, అంకెల ఆట తగ్గినా పైరవీల అనుమానం పెరుగుతుందన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు.

రాష్ట్ర స్థాయిలో ఆస్ట్రియా తరహా నివేదిక తేవాలంటే కొత్త సర్వేలు పెద్దగా అక్కర్లేదు. ఉన్నత విద్యపై కేంద్రం ఏటా చేసే ఐషీ సర్వేకు విశ్వవిద్యాలయాలు ఇప్పటికే వివరాలు ఇస్తున్నాయి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ కోసం సమర్పించే పత్రాల్లో అధ్యాపకుల వయసు, అర్హత, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, రెగ్యులరా కాంట్రాక్టా అన్న వివరాలు ఉంటాయి. ఆ వరసలను విభాగాల వారీగా కలిపి చూస్తే వచ్చే ఐదేళ్లలో ఏ విభాగంలో ఎందరు రిటైరవుతారో, ఏ సబ్జెక్టులో ఒక్కరే మిగిలారో, కాంట్రాక్టు అధ్యాపకులు సగటున ఎన్నేళ్లు నిలుస్తున్నారో తెలిసిపోతుంది. ర్యాంకు కోసం పంపే అదే ఫైలు నుంచి ఈ పట్టిక తీసి పాలక మండలి ముందు, బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ ముందు పెట్టడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు సరిపోతుంది.